తలమీది మెలనోమాకి మెడలో నోడ్‌లన్నీ తీయించాలా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. మీ నాన్నగారికి 63 ఏళ్ళు, ఉప్పల్‌లో ఉంటారు. తిరుమలలో తలనీలాలు ఇచ్చినప్పుడు కళ్యాణకట్టలో గుండు చేసినాయన "అయ్యా, కుడి చెవి పైన నల్లగా ఉబ్బెత్తుగా ఏదో ఉంది, చూపించుకోండి" అన్నాడు. ఇంటికొచ్చాక దగ్గర్లోని క్లినిక్‌లో పులిపిరి అనుకుని తీసేశారు. అదృష్టం కొద్దీ ఆ ముక్కను పరీక్షకు పంపారు. రిపోర్టులో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్), బ్రెస్లో మందం, అంటే చర్మంలోకి దిగిన లోతు, 2.3 మిల్లీమీటర్లు, పైన పుండు పడలేదు అని వచ్చింది. ఒళ్ళంతా క్యాన్సర్ కోసం వెతికే పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా ఏమీ కనిపించలేదు. ఒక సర్జన్ "మెడలో నోడ్‌లన్నీ, అంటే బిళ్ళలన్నీ, తీసేద్దాం, రిస్క్ ఎందుకు" అన్నారు. ఇంకొకరు "సెంటినెల్ నోడ్ ఒకటో రెండో తీసి చూద్దాం" అన్నారు. ఊళ్ళో బాబాయిగారేమో కత్తే పెట్టించొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి అన్నది ప్రశ్న.

నేను తల, మెడ క్యాన్సర్ల సర్జన్‌ని. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని. మీరు రాసిన వివరాలను బట్టి నా ఓటు రెండో సర్జన్‌కే. మెడ మొత్తం ఇప్పుడే తెరవక్కర్లేదు. అలాగని స్కాన్ బాగుంది కదా అని వదిలేయడానికీ లేదు. నాన్నగారిని స్వయంగా పరీక్ష చేసిన డాక్టరుకు నాకు తెలియనివి కొన్ని తెలుస్తాయి కాబట్టి, దీన్ని పట్టుకెళ్ళి వాళ్ళతో మాట్లాడండి.

సెంటినెల్ నోడ్ అంటే ఏమిటో మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, పేరే కొత్త. కాలికి మేకు గుచ్చుకుని చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది. పిల్లల తలలో పేలు, కురుపులు ఎక్కువైతే మెడ వెనక బఠాణీ గింజల్లా బిళ్ళలు తగులుతాయి. అవే లింఫ్ నోడ్‌లు, పాఠ్యపుస్తకాల్లో శోషరస గ్రంథులు అని ఉంటుంది. ఒంట్లో ప్రతి చోటి నుంచీ సన్నటి కాలువల్లో శోషరసం పారి, ముందుగా ఫలానా నోడ్‌లోకే చేరుతుంది. చీమును పట్టుకున్నట్టే, పుట్టుమచ్చ లాంటి మెలనోమా నుంచి విడిపోయిన కణాల్ని కూడా ముందు ఆ నోడే పట్టుకుంటుంది. ఊరి పొలిమేరలో కాపలా ఉన్నవాడన్న మాట. ఆ కాపలావాడి దగ్గర దొంగ దొరకలేదంటే ఊళ్ళో దూరి ఉండే అవకాశం చాలా తక్కువ. ఈ ఆలోచనను మెలనోమాలో పద్ధతిగా చేసి చూపించింది అమెరికాలో డొనాల్డ్ మోర్టన్ అనే సర్జన్, 1992లో. అంతకు ముందు దశాబ్దాల పాటు చాలామందికి నోడ్‌లన్నీ తీసేసేవారు. తీసినవాళ్ళలో ఎక్కువమందికి వాటిలో ఏమీ ఉండేది కాదు.

మరి మొదటి సర్జన్ అలా ఎందుకన్నారు? ఆయన్ని తప్పుపట్టకండి. మన దగ్గర తల, మెడ సర్జన్ల రోజంతా గుట్కా, ఖైనీ తెచ్చిపెట్టిన నోటి క్యాన్సర్లతోనే గడిచిపోతుంది. మెలనోమా మన చర్మాలకు అరుదు, వచ్చినా అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. తలమీదిది ఏడాదికి ఒకటో రెండో చూస్తాం. నోటి క్యాన్సర్‌లో మెడలో గడ్డ తగలకపోయినా ముందే నోడ్‌లు తీసేయడం మంచిదని ముంబై టాటా మెమోరియల్‌లో అనిల్ డిక్రూజ్ బృందం 2015లో నిరూపించింది. అలా తీసినవాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికుంటే, గడ్డ వచ్చాక తీద్దామని ఆగినవాళ్ళలో 67.5 శాతమే. ఆ ట్రయల్ మా చేతి అలవాటునే మార్చేసింది. మెడ అనగానే మా చెయ్యి అటే పోతుంది. కానీ అది నోటి క్యాన్సర్ లెక్క, మెలనోమా నడక వేరు. ఇందులో ముందుజాగ్రత్తగా అన్నీ తీసేస్తే మొత్తమ్మీద ఆయుష్షు పెరగలేదని 1970ల నుంచీ చేసిన ట్రయల్స్ చెప్తూనే ఉన్నాయి.

పెట్ స్కాన్ గురించి. మీరు రాసినదాన్లో "స్కాన్ క్లీన్‌గా ఉంది కదా, ఇంక నోడ్ ఎందుకు" అన్న మాట రెండుసార్లు వచ్చింది. నా ఓపీలో ఇది అడగని కుటుంబం లేదు. పెట్ స్కాన్‌కి కనపడాలంటే కణాలు ఒక గుంపుగా, కొన్ని మిల్లీమీటర్ల సైజులో ఉండాలి. సెంటినెల్ నోడ్‌లో మేము వెతికేది మిల్లీమీటరులో పదో వంతు ఉండే మచ్చల్ని. విమానంలోంచి చూసి ఊళ్ళో చీమలు లేవని చెప్పలేం కదా. అందుకే ఈ దశలో పెట్ స్కాన్ చేయించినా నోడ్ పరీక్షకు అది బదులు కాదు. నిజానికి మీ నాన్నగారి దశకి ఆ స్కాన్ అంత అవసరమూ కాదు, అయిపోయింది కాబట్టి వదిలేద్దాం.

ఇప్పుడు ఆ 2.3 అన్న అంకె దగ్గర కాసేపు ఆగుదాం, మీ విషయంలో అన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. మెలనోమా వెడల్పు ఎంతన్నది పెద్ద లెక్కలోకి రాదు, చర్మంలోకి ఎంత లోతు దిగిందన్నదే ముఖ్యం. 0.8 మిల్లీమీటర్ల లోపు, పుండు లేకుండా ఉంటే నోడ్ జోలికి పోం. 0.8 నుంచి 1 వరకు, లేదా పలచగా ఉన్నా పుండు పడితే, కూర్చుని మాట్లాడుకుని నిర్ణయిస్తాం. 1 దాటితే సెంటినెల్ పరీక్ష చేయించుకోమని చెప్తాం. మీ నాన్నగారిది 2 నుంచి 4 మధ్య, పుండు లేదు కాబట్టి డాక్టర్ల దశల లెక్కలో టీ3ఏ. ఈ మధ్యరకం మందాల్లో సుమారుగా అయిదారుగురిలో ఒకరికి నోడ్‌లో కణాలు దొరుకుతాయి. దొరక్కపోతే ఆయనది 2ఏ దశ. ఆపరేషన్‌తో వైద్యం అయిపోతుంది, తర్వాత చెకప్‌లే. ఒక్క నోడ్‌లో కొద్దిగా దొరికినా 3బీ దశ అవుతుంది, అప్పుడు ఏడాది పాటు ఇమ్యునోథెరపీ (ఒంటి రక్షక కణాల్ని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందులు) గురించి మాట్లాడాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్ళ జీవితం ఒక ఏడాది ఎలా నడవాలో, బ్యాంకులో ఎంత ఉంచుకోవాలో ఆ కందిగింజంత నోడే తేలుస్తుంది.

నోడ్‌కు ఇంత విలువ ఎందుకంటే, మోర్టన్ నడిపిన మొదటి పెద్ద ట్రయల్‌లో మధ్యరకం మందం ఉన్నవాళ్ళలో సెంటినెల్ నోడ్‌లో ఏమీ లేనివాళ్ళు పదేళ్ళ తర్వాత 85 శాతం మంది మెలనోమా బారిన పడి చనిపోకుండా ఉన్నారు, నోడ్‌లో కణాలు దొరికినవాళ్ళలో అది 62 శాతం. ఇవి కొత్త మందులు రాకముందు లెక్కలు, కాబట్టి 62 అనగానే టెన్షన్ పడకండి. అదే ట్రయల్ ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పింది: పరీక్ష చేయించుకున్నవాళ్ళనీ చేయించుకోనివాళ్ళనీ మొత్తంగా పోలిస్తే, మెలనోమా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఈ పరీక్ష దానంతటదే ప్రాణం నిలబెట్టే ఆపరేషన్ కాదు, దారి చూపించే ఆపరేషన్. ఈ తేడా మీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే చెప్తున్నాను.

తల, మెడ దగ్గర ఈ పని కాలూ చేయీ దగ్గర కంటే కష్టం. ఒంట్లోని నోడ్‌లలో మూడో వంతు దాకా ఈ జానెడు మెడలోనే ఉంటాయి. కాలి మెలనోమా అయితే కళ్ళు మూసుకుని గజ్జ అనొచ్చు. తలమీదైతే అలా కాదు. పుస్తకం ప్రకారం రెండు చెవుల మీదుగా నడినెత్తి వరకు ఒక గీత గీస్తే, దానికి ముందున్న చోట్ల నుంచి చెవి ముందరి పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోకీ మెడ ముందు వైపుకీ, వెనకున్న చోట్ల నుంచి చెవి వెనక్కీ మెడ వెనక్కీ పారాలి. కానీ దాదాపు మూడో వంతు మందిలో మన ఊహ తప్పుతుంది. మీ నాన్నగారి మచ్చ సరిగ్గా ఆ గీత మీదే ఉంది. ఎటు పారుతుందో నేనైనా ఇంకెవరైనా చేత్తో తడిమి చెప్పలేం. మొదటి సర్జన్ మాట ప్రకారం మెడ తెరిచి అన్నీ తీసినా, అసలు నోడ్ పెరోటిడ్‌లోనో చెవి వెనకో ఉంటే అది అక్కడే మిగిలిపోతుంది. అన్నీ తీశాం అనుకుంటాం, తీయాల్సింది తప్ప.

అందుకే ముందు దారి పటం గీయించాలి. ఆపరేషన్ రోజు పొద్దున్నో, ముందు రోజో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పాత గాటు చుట్టూ నాలుగు చోట్ల, చర్మంలోకే, కొద్దిపాటి రేడియేషన్ ఉండే టెక్నీషియం కలిపిన మందు చుక్క చుక్క ఎక్కిస్తారు. చురుక్కుమంటుంది, గండుచీమ కుట్టినట్టు. ఒక్కోటి పది సెకన్ల పని. కాసేపటికి కెమెరా కింద పడుకోబెడితే తెరమీద మచ్చ దగ్గర పెద్ద వెలుగు, దాన్నుంచి సన్నటి తోకలా ఒక కాలువ, చివర్న చిన్న చుక్క కనిపిస్తాయి. దాంతోపాటు స్పెక్ట్ సీటీ (ఆ వెలుగునూ సీటీ స్కాన్ బొమ్మనూ కలిపి చూపించేది) తీస్తే ఆ చుక్క ఏ కండ పక్కన, ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. తల, మెడ కేసుల్లో ఇది తప్పక అడగండి, మామూలు బొమ్మ ఒక్కటే చాలదు. అక్కడి టెక్నీషియన్ చర్మం మీద మార్కర్ పెన్నుతో గుర్తు పెడతారు. ఆ గుర్తు చెరిపేసేలా స్నానం చేసి రాకండి. ఒకాయన శుభ్రంగా సున్నిపిండితో రుద్దుకుని వచ్చారు. రేడియేషన్ అని మనవళ్ళను దగ్గరికి రానివ్వకుండా కూర్చోబెట్టక్కర్లేదు. డోసు చాలా తక్కువ, ఆరు గంటలకోసారి సగానికి పడిపోతుంది.

ఆపరేషన్ టేబుల్ మీద మత్తు ఇచ్చాక నీలం రంగు మందు కూడా కొద్దిగా ఎక్కిస్తాం, మన దగ్గర ఎక్కువగా మిథిలీన్ బ్లూ. నాన్నగారు డిప్రెషన్‌కి మాత్రలేమైనా వాడుతుంటే ముందే చెప్పండి, కొన్నిటికి ఈ మందుతో పడదు. ఇక ఆ రేడియేషన్‌ని పసిగట్టే గామా ప్రోబ్. టార్చిలైటంత లోహపు కడ్డీ, చివరి నుంచి వైరు ఒక పెట్టెకి పోతుంది. మెడ మీద నెమ్మదిగా జరుపుతుంటే టిక్కు టిక్కుమంటూ ఉంటుంది, నోడ్ మీదకు రాగానే ఒకటే కూత. మీ నాన్నగారికి ఇక్కడొక చిక్కుంది. మచ్చ చెవి పైనే, పెరోటిడ్ అక్కడికి నాలుగు వేళ్ళ దూరం. మందు ఎక్కించిన చోటే అంత పెద్దగా కూస్తుంటే పక్కనున్న నోడ్ గొంతు వినపడదు, డీజే పక్కన సన్నాయిలాగా. అందుకని ఇలాంటి కేసుల్లో నేను ముందు తలమీది గాటు చుట్టూ చర్మం తీసేస్తాను. ఆ గోల పోయాక ప్రోబ్ మళ్ళీ పెడతాను. అప్పుడు రెండున్నర, మూడు సెంటీమీటర్ల గాటు చాలు. కొవ్వు పొరను పక్కకు జరుపుతూ పోతే దారం లాంటి నీలం కాలువ కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని పోతే చివర్న నీలంగా, కందిగింజంతో చిక్కుడుగింజంతో నోడ్. తీసి బయట ప్రోబ్ మీద పెడితే పెట్టె మీద అంకె, ఉదాహరణకు, 600. మళ్ళీ లోపల పెట్టి చూస్తాం. లోపల 60 కంటే ఎక్కువ చూపించేది ఇంకేదైనా ఉందంటే అదీ తీయాలి, అందరికంటే గట్టిగా కూసినదాన్లో పదో వంతు దాటితే వదలకూడదన్నది నియమం. మామూలుగా ఒకటి నుంచి మూడు వస్తాయి.

పెరోటిడ్‌లో దొరికితే భయపడొద్దు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది నిజమే. ఒకప్పుడు ఆ భయంతో గ్రంథి పైభాగమంతా తీసేవాళ్ళం. ఇప్పుడు నరం మానిటర్ పెట్టుకుని, ఆ ఒక్క నోడ్ మాత్రమే జాగ్రత్తగా తీయొచ్చు. కనురెప్పో పెదవి మూలో కొన్ని వారాలు బద్ధకంగా ఉండటం కొందరిలో చూస్తాం, చాలావరకు తిరిగి వస్తుంది. చెవి తమ్మె మాత్రం మొద్దుబారొచ్చు, అది కొంతమందికి అలాగే ఉండిపోతుంది.

మర్నాడు పొద్దున మూత్రం ఆకుపచ్చగా, నీలంగా వస్తుంది. వార్డులో ఇది చెప్పడం మర్చిపోతే రాత్రి రెండింటికి ఫోను ఖాయం.

తీసిన నోడ్‌ను అక్కడికక్కడే ఫ్రోజెన్ పరీక్ష (గడ్డకట్టించి, కోసి అప్పటికప్పుడు చూడటం) చేయమని అడగకండి. మెలనోమాలో అది నమ్మదగింది కాదు, పైగా ఆ కాస్త కణజాలం వృథా అవుతుంది. పలుచటి పొరలుగా కోసి, ఎస్100, సోక్స్10, మెలాన్ ఏ లాంటి ప్రత్యేక రంగులు వేసి చూడాలి. వారం, పది రోజులు పడుతుంది. ఆ పది రోజులే ఇంట్లో అందరికీ కష్టం, నాకు తెలుసు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక, వరుస గురించి. తలమీది గాటు చుట్టూ 2 సెంటీమీటర్ల మేర చర్మం తీయడమూ, సెంటినెల్ నోడ్ తీయడమూ ఒకే రోజు, ఒకే మత్తులో జరగాలి. ముందు వెడల్పుగా తీసేసి, పక్క చర్మం తిప్పి ఫ్లాప్ కుట్టేస్తే కాలువల దారులన్నీ చెదిరిపోతాయి. ఆ తర్వాత పటం గీసినా అది ఏ కాలువో ఎవరూ చెప్పలేరు. మీ క్లినిక్ డాక్టర్ చిన్న గాటుతో పులిపిరి అనుకుని తీశారు, అది ఇప్పుడు మంచిదే అయింది. కాబట్టి ఎవరైనా "ముందు అంచులు క్లియర్ చేసేద్దాం, నోడ్ సంగతి తర్వాత" అంటే ఒప్పుకోకండి. తీసిన చోట పానీపూరీ పూరీ అంత ఖాళీ వస్తుంది, తొడ నుంచి చర్మం తెచ్చి అతికిస్తారు.

ఇక రిపోర్టు వచ్చాక. నోడ్‌లో ఏమీ లేకపోతే మెడకు ఇంకేమీ చేయరు. అయితే తల, మెడలో ఈ పరీక్ష తప్పిపోయే అవకాశం మిగతా చోట్ల కంటే కాస్త ఎక్కువ. అందుకని "నెగెటివ్" అని చూసి మెడను మర్చిపోకండి, చెకప్‌లకు రావాలి.

నోడ్‌లో కణాలు దొరికితే? 2017 వరకు ఇక్కడ నా సమాధానం వేరేగా ఉండేది. దొరికితే మెడ మొత్తం తీసేవాళ్ళం. ఆ సంవత్సరం వచ్చిన రెండో పెద్ద ట్రయల్ దాన్ని మార్చింది. సెంటినెల్ నోడ్‌లో కణాలు దొరికిన 1,900 మందికి పైగా రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మిగతా నోడ్‌లన్నీ తీశారు, ఇంకో జట్టును అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ వచ్చారు. మూడేళ్ళకు మెలనోమాతో చనిపోనివాళ్ళు రెండు జట్లలోనూ 86 శాతమే. అన్నీ తీసినవాళ్ళలో 24 శాతం మందికి శోషరసం నిలిచిపోయి వాపు వచ్చింది, రెండో జట్టులో 6 శాతానికే. వాపు లెక్క ఎక్కువగా చంకలు, గజ్జల సంగతి, మెడలో తక్కువే. అంతకు ఏడాది ముందు జర్మనీ ట్రయల్ కూడా ఇదే చెప్పింది గానీ, అందులో తల, మెడ రోగుల్ని చేర్చుకోలేదు. 2017 నాటి దాన్లో ఉన్నారు, తక్కువమంది. అందుకే మా సర్జన్లలో కొందరికి ఇంకా మనసు ఒప్పదు. నా అభిప్రాయం మాత్రం స్పష్టం. నోడ్‌లో చిన్న మచ్చ దొరికితే అల్ట్రాసౌండ్ దారే: మొదటి రెండేళ్ళు నాలుగు నెలలకోసారి, తర్వాత అయిదో ఏడు వరకు ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఒకే సోనాలజిస్టు దగ్గర చేయిస్తే మంచిది, ఆయన కంటికి మీ నాన్నగారి మెడ అలవాటవుతుంది. నాలుగు నెలలకోసారి రాలేనివాళ్ళ సంగతి వేరు. ఆదిలాబాద్ అవతలి తండా నుంచి వచ్చిన ఒకావిడకు నేను మెడ ఆపరేషనే చేశాను, మళ్ళీ కనిపిస్తుందన్న నమ్మకం లేక. మీది ఉప్పల్, మెట్రో ఎక్కితే చాలు.

అన్నీ తీస్తే పోయేదేముంది అంటారా? ఒకటి చెప్తాను, నా తప్పే. ట్రైనింగ్ ముగిసిన కొత్తలో, అప్పుడు పనిచేసిన ఆస్పత్రిలో, ఒక సిటీ బస్సు కండక్టర్‌కి మెడ వెనక మెలనోమా. అప్పటి పద్ధతి ప్రకారం మెడ నోడ్‌లన్నీ తీశాను. భుజాన్ని పైకెత్తే నరం ఆ నోడ్‌ల మధ్యలోంచి, దారప్పోగులా పోతుంది. దాన్ని తెంపలేదు, కానీ ఎక్కువ లాగాను. నెలన్నర తర్వాత ఆయన ఓపీకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, కిటికీ గ్రిల్‌ని పై రాడ్డు అనుకోండి సార్ అని చెయ్యి ఎత్తి చూపించాడు. భుజం ఎత్తు దాటి చెయ్యి లేవలేదు. "ఎడమ చేత్తో రాడ్డు పట్టుకుంటే టికెట్ ఏ చేత్తో కొట్టాలి?" అన్నాడు. ఫిజియోథెరపీతో ఏడాదికి చాలావరకు వచ్చింది, పూర్తిగా రాలేదు. తీసిన నోడ్‌లు ముప్పయ్యికి పైనే, అన్నిట్లోనూ సున్నా. ఆయన డిపోలో టేబుల్ పనికి మారిపోయాడు. మెడ ఆపరేషన్ అవసరం లేనివాళ్ళకు వద్దని నేను ఇంత పట్టుగా చెప్పడంలో ఆ కిటికీ గ్రిల్ వాటా కూడా ఉంది.

అవసరమయ్యేది ఎప్పుడంటే, మెడలో గడ్డ చేతికి తగిలినప్పుడో, అల్ట్రాసౌండ్‌లో అనుమానంగా కనిపించి సూది పరీక్షలో మెలనోమా అని తేలినప్పుడో. అక్కడ కూడా ఇప్పుడు వరుస తిరగబడింది. ముందు ఇమ్యునోథెరపీ, తర్వాత ఆపరేషన్. 2023లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మూడు డోసులు ముందే ఇచ్చి ఆపరేషన్ చేస్తే రెండేళ్ళకు 72 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా, ముదరకుండా ఉన్నారు. అదే మందు మొత్తం ఆపరేషన్ తర్వాత ఇస్తే 49 శాతం. 2024లో నాడినా అనే ట్రయల్ రెండు మందులు కలిపి ఇచ్చి ఇంకా మంచి ఫలితం చూపించింది. గడ్డ లోపల ఉండగానే మందు ఇస్తే ఒంటి రక్షక కణాలు శత్రువు ముఖాన్ని బాగా గుర్తుపడతాయన్నది వివరణ. మీకు ఇప్పుడు ఈ అవసరం లేదు. ఎప్పుడైనా గడ్డ తగిలితే మాత్రం మర్నాడే కత్తి పట్టుకునే సర్జన్ దగ్గరికి కాకుండా మెడికల్ ఆంకాలజిస్టు కూడా ఉన్న చోటికి వెళ్ళండి.

రిపోర్టు 3బీ వస్తే ఏడాది ఇమ్యునోథెరపీ అన్నాను. అది జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని బాగా తగ్గిస్తుంది. కానీ ఖర్చు లక్షల్లో, కొందరికి థైరాయిడ్, పేగులు, కాలేయం మీద దుష్ప్రభావాలు ఉంటాయి. కణాల్లో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటే మాత్రల దారి కూడా ఉంది, ఆ పరీక్ష అడగండి. ఇల్లు అమ్మి చేయించమని ఎవరైనా తొందరపెడితే ఆగండి, నోడ్‌లోని మచ్చ ఎంత సైజు అన్నదాన్ని బట్టి లాభం మారుతుంది. ఒక మిల్లీమీటరు లోపా, పైనా అని అడగండి.

బాబాయిగారి మాట. "కత్తి తగిలితే పాకుతుంది" అన్నది ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు జబ్బు ముదిరాక ఆస్పత్రికి వచ్చేవాళ్ళు, ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే పోయేవాళ్ళు, చూసినవాళ్ళకు కత్తే కారణమనిపించేది. సెంటినెల్ నోడ్ తీయడం వల్ల మెలనోమా పాకదని పెద్ద ట్రయల్స్‌లో తేలిపోయింది. ఆయన్ని ఓపీకి వెంటబెట్టుకుని రండి, ఎదురుగా చెప్తే ఒప్పుకుంటారు. నా అనుభవంలో బాబాయిలు అడిగినంత మంచి ప్రశ్నలు కొడుకులు అడగరు.

వెళ్ళే ముందు చేయాల్సింది ఒకటుంది. క్లినిక్ పంపిన ల్యాబ్ నుంచి కాగితం రిపోర్టు ఒక్కటే కాదు, స్లైడ్లూ మైనం బ్లాకులూ తీసుకోండి. చర్మం స్లైడ్లు ఎక్కువగా చూసే పెథాలజిస్టుతో మళ్ళీ చదివించండి. మన దగ్గర నల్లగా ఉండే బేసల్ సెల్ క్యాన్సర్‌ని మెలనోమా అనుకోవడం, దీన్ని అది అనుకోవడం రెండూ చూశాను. మందం అంకె మారితే ప్లానే మారుతుంది. రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె., పంజగుట్ట నిమ్స్, బంజారాహిల్స్ బసవతారకం, లేదా మీకు దగ్గరైన పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి, ఎక్కడికెళ్ళినా రెండే అడగండి: గామా ప్రోబ్, స్పెక్ట్ సీటీ ఉన్నాయా, తల, మెడలో సెంటినెల్ చేసిన అలవాటున్న సర్జన్ ఎవరు అని. రొమ్ము క్యాన్సర్‌కి ఇదే ప్రోబ్ వాడతారు కాబట్టి పరికరం చాలాచోట్ల ఉంటుంది, తల దగ్గర వాడిన చెయ్యే కావాలి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే కౌంటర్‌లో ఆరోగ్యమిత్రను కలవండి. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, ఇందులో ఏ భాగం ఏ ప్యాకేజీలో వస్తుందో చేర్చుకునే ముందే రాయించుకోండి.

మంచిరోజు చూసుకుంటామంటే చూసుకోండి, రెండు మూడు వారాలు ఫరవాలేదు. ఆషాఢం పోయి శ్రావణం రావాలంటే మాత్రం కుదరదు.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట: నోట్లో, అంగిట్లో, ముక్కులో వచ్చే మెలనోమాకి పైన చెప్పిన మందం లెక్కలు వర్తించవు. అది వేరే జబ్బు అనుకోండి, దాని దశలే మూడో అంకెతో మొదలవుతాయి. ఈ సమాధానం పట్టుకుని దాని గురించి నిర్ణయం తీసుకోకండి.

చివర్న నాన్నగారు అడగమన్న ప్రశ్న, ఆపరేషన్‌కి మళ్ళీ గుండు చేయాలా అని. అక్కర్లేదు, గాటు చుట్టూ క్లిప్పర్‌తో కాస్త తీస్తాం, అంతే. అతికించిన చర్మం మీద ఇక వెంట్రుకలు రావు, టోపీ పెట్టుకోవచ్చు. ఎండలోకి వెళ్తే పెట్టుకోవాల్సిందే. వచ్చే ఏడు తిరుమల మొక్కు ఉందన్నారు కదా, ఆ అతుకు మీదకు కత్తి రానివ్వొద్దు. ఈసారికి మూడు కత్తెరలు ఇచ్చి రమ్మనండి. కళ్యాణకట్టలో ఆయన మళ్ళీ కనిపిస్తే మా తరఫున కూడా ఒక దణ్ణం పెట్టమనండి.